కొలత సరిపోయిన గొట్టం

నేను గేటు తీసుకుని లోపలికి వచ్చేసరికి వసారాలో అక్క మా బావకు చొక్కా గుండీలు పెడుతోంది. ఆయన గడ్డం పైకెత్తి, చేతులు రెండూ పక్కలకు వదిలేసి, బుద్ధిగా నిలబడ్డాడు. నలభై ఏళ్ళు దర్జీ పని చేసిన మనిషి. ఎన్ని వేల గుండీలు కుట్టాడో ఆయనకే తెలియదు. నేను చూడనట్టు తల తిప్పుకుని, పనిముట్ల సంచితో కారు వైపు నడిచాను.

"ఏరా, పలకరింపు కూడా లేదా?" అంది అక్క.

"సంచి బరువుగా ఉందక్కా."

"ఆదివారం పూట మళ్ళీ ఆ బండినేం చేస్తావు? బాగానే ఉందన్నావుగా."

అన్నాను. నలభై మూడు రోజుల కిందట, ఇదే వసారాలో నిలబడి అన్నాను. ఆ రోజు నుంచి నాకు తిన్నది ఒంటబట్టడం లేదు.

మా అమ్మ పోయాక అక్క నన్ను తనతోపాటు అత్తగారింటికి తెచ్చుకుంది. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. బావ ఒక్కసారి కూడా "వీడెన్నాళ్ళుంటాడు" అనలేదు. తన షాపులో పాడైన కుట్టుమిషన్ ముందు నన్ను కూర్చోబెట్టి, చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టాడు. నేను ఇప్పుడు నాలుగు పేటల్లో కుట్టుమిషన్లు బాగుచేసుకుని బతుకుతున్నానంటే ఆ స్క్రూడ్రైవర్ చలవే. ఏ వస్తువు కనపడినా విప్పుతానని ఆయన నన్ను "ఇంజనీరు" అంటాడు. నేను విప్పి బిగించిన ప్రతిదానికీ నాలుగు స్క్రూలు మిగులుతాయని అక్క అంటుంది. అక్క మాటే నిజానికి దగ్గర.

ఈ కారు బావది. ఇరవై రెండేళ్ళ బండి. దాన్ని ఏనాడూ రిపేరు షాపు గడప తొక్కనివ్వలేదని నాకు గర్వం. రెండు నెలల కిందట స్టీరింగు నూనె కారడం మొదలైంది. ఇలాంటి బండిలో స్టీరింగు తిప్పడానికి నూనె సాయం ఉంటుంది. ఇంజన్ పక్కనున్న పంపు నూనెను ఒక గొట్టంలోంచి గట్టిగా కిందికి తోస్తే, అది చక్రాలు తిప్పడానికి సాయపడి, రెండో గొట్టంలోంచి తిరిగి డబ్బాలోకి వస్తుంది. ఆ తిరిగొచ్చే గొట్టం పగిలింది. బావ కొత్తది తెమ్మన్నాడు. నేను మాత్రం ఇంటికి పోయి నా తుక్కు పెట్టె తెరిచాను.

ఆ పెట్టెలో రేడియేటర్ పని చేసినప్పుడు మిగిలిన నీళ్ళ గొట్టం ముక్క ఉంది. టేపు పెట్టి చూశాను. లోపలి వెడల్పు సరిపోయింది. పొడవు సరిపోయింది. దర్జీ ఇంట్లో పెరిగినవాణ్ణి, కొలత సరిపోతే నాకు ఇంకేమీ కనపడదు. నీళ్ళ గొట్టం నూనెకు పనికిరాదని నాకు తెలుసా తెలియదా అంటే, సగం తెలుసు. ఆ సగాన్ని నోరుమూసుకోమని గొట్టం బిగించేశాను. తుక్కులోంచి పని కానిచ్చానని ఆ సాయంత్రం మీసం కూడా దువ్వుకున్నాను.

నూనె తగిలి ఆ రబ్బరు రోజురోజుకూ మెత్తబడి ఉబ్బింది. పదిహేడో రోజున, బావ అక్కను ఎక్కించుకుని పోతుంటే, వీధి మలుపులో క్లిప్పులోంచి జారి ఊడిపోయింది. నూనె అంతా కారిపోయి స్టీరింగు బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే ఒక ముసలమ్మ తోపుడుబండితో రోడ్డు దాటుతోంది. బావ కారును పక్కకు తిప్పి ప్రహరీగోడకు కొట్టాడు. ముసలమ్మకు ఏమీ కాలేదు. అక్క భుజం బెణికింది. కారు దీపం ఒకటి పగిలింది.

ఫోన్ అందుకుని అందరికన్నా ముందు పోయింది నేనే. అక్కను అప్పటికే ఎవరో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. బావ గోడ పక్కన కూర్చుని ఉన్నాడు. "స్టీరింగు బిగుసుకుపోయిందిరా," అన్నాడు. నేను బోనెట్ ఎత్తాను. ఊడి వేలాడుతున్న నా గొట్టం కనపడింది. ఎత్తిన బోనెట్ అడ్డం ఉండటంతో గోడ పక్కనున్న బావకు అది కనపడలేదు. దాన్ని మళ్ళీ దాని చోట ఎక్కించి, రెండు క్లిప్పులు వేసి బిగించి, డిక్కీలో ఉన్న నూనె పోసి, రోడ్డు మీది మరక మీద మట్టి జల్లాను. అబద్ధమాడదామని చేసిన పని కాదది. ఊడింది కనపడితే బిగించడం నా చేతికి అలవాటు. అబద్ధం ఆ తర్వాత వచ్చింది.

సాయంత్రం వసారాలో అందరూ ఉన్నారు. భుజానికి కట్టుతో అక్క, కంగారుగా వచ్చిన మేనకోడలు, మూలన బావ. "స్టీరింగు బిగుసుకుపోయింది అంటున్నాడు నాన్న. బండిలో ఏమైనా తేడా ఉందా మామయ్యా?" అని మేనకోడలు అడిగింది. రేపు మెల్లిగా చెబుదాంలే అనుకుని, "లేదమ్మా, బండి బాగానే ఉంది," అన్నాను. అంతటితో ఊరుకుంటే కొంత నయం. "ఏదీ, తిప్పి చూపించు," అంది అక్క. నేను ఎక్కి ఇంజన్ ఆన్ చేసి, చూపుడువేలు ఒక్కటి పెట్టి స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూపించాను. బావ నా వేలు చూశాడు. తర్వాత తన చేతులు చూసుకున్నాడు.

ఆ రాత్రే మేనకోడలు కారు తాళం తీసుకుపోయింది. డాక్టరు బావ చేతులు నొక్కి చూసి, "వయసు కదా, కాస్త జాగ్రత్త," అన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని చూసి ఏ డాక్టరైనా అనే మాటే. మా ఇంట్లో మాత్రం అది బావ చేతుల్లో పట్టు పోయిందన్న తీర్పైపోయింది. అక్క కప్పులో టీ సగమే పోయడం మొదలుపెట్టింది. గుండీలు తనే పెట్టసాగింది. బావ కత్తెరను గుడ్డలో చుట్టి అలమర పైన పెట్టేశాడు. "చెయ్యి తేడా వస్తే ఒకరి బట్ట పాడవుతుంది," అన్నాడు. రేపు, సోమవారం పొద్దున, షాపు తాళం ఓనరుకు ఇచ్చెయ్యాలి. నలభై ఏళ్ళుగా ఆయన రోజూ తెరిచిన షాపు.

ఈ నలభై మూడు రోజుల్లో చెబుదామని నేను ఎన్నిసార్లు వచ్చానో లెక్కలేదు. వచ్చిన ప్రతిసారీ టీ తాగి పోయాను. ఈ రోజు మాత్రం సరైన గొట్టాలు రెండూ, కొత్త వాషర్లు, నూనె డబ్బా కొనుక్కుని, పని ఉందని మేనకోడలి దగ్గర కారు తాళం అడిగి తీసుకుని వచ్చాను. ముందు గొట్టాలు మారుస్తాను, ఆ తర్వాత చెబుతాను అనుకున్నాను. పిరికివాడికి ఎప్పుడూ ముందు చెయ్యాల్సిన పని ఇంకొకటి ఉంటుంది.

కారు కింద వెడల్పాటి పళ్ళెం పెట్టి, బోనెట్ ఎత్తి పని మొదలుపెట్టాను. బావ స్టూలు తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు. వెనకటి రోజుల్లో నేను చెయ్యి చాపితే అడక్కుండానే సరైన స్పానర్ అందించేవాడు. ఇప్పుడు చేతులు రెండూ చంకల్లో దాచుకుని కూర్చున్నాడు.

"పన్నెండో నంబరు ఇవ్వండి బావా," అన్నాను, కావాలనే.

"నువ్వే తీసుకోరా. నేను పడేస్తే మళ్ళీ వెతుక్కోవాలి."

నాకు తల తీసేసినట్టయింది. నేనే వంగి తీసుకున్నాను. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక క్లిప్పు మీద చూపిస్తే, అది విదిలించుకుని నా బొటనవేలు గీరింది. తగిన శాస్తే అనుకున్నాను.

"గొట్టాలెందుకు మారుస్తున్నావు?"

"పాతబడ్డాయి బావా."

"మొన్ననేగా ఒకటి వేశావు."

"రెండూ ఒకేసారి మారిస్తే మంచిదని."

అబద్ధానికి అబద్ధం తోడు తెచ్చుకోవడం ఎంత సులువైపోయిందో నాకు. డబ్బాలో నూనె పీల్చేసి, నీళ్ళ గొట్టాన్ని ఊడబెరికాను. చేతిలో మెత్తగా, జిగటగా, రెండు చివరలా ఉబ్బి ఉంది. ఇంకో వారం ఆగితే మళ్ళీ జారేది. ఈసారి కారులో ఎవరుండేవారో. దాన్ని గబుక్కున గుడ్డలో చుట్టి ప్యాంటు జేబులో కుక్కుకున్నాను.

ఇక రెండోది, పంపు నుంచి కిందికి పోయే గట్టి గొట్టం. దాని పై నట్టు బాగానే వచ్చింది. కింది నట్టు చక్రం వెనక ఉంది. చక్రాలు పూర్తిగా ఎడమకు తిరిగితే తప్ప స్పానర్ పట్టదు. బండిని ఇంకా జాకీ మీదికి ఎత్తలేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు లాగాను. కదలలేదు. లోపల కూర్చుని, రెండు చేతులతో పట్టుకుని, నడుం బిగించి లాగాను. పావు చుట్టు వచ్చి ఆగిపోయింది. నా భుజంలో నరం పట్టేసింది.

బావ నవ్వాడు. నలభై మూడు రోజుల్లో ఆయన నవ్వడం నేను చూడలేదు.

"ఒక్క వేలితో తిప్పావుగా ఇంజనీరూ ఆ రోజు. ఆ వేలేమైంది?"

ఎగతాళికే అన్నాడు. మనసులో ఏదో పెట్టుకుని అన్న మాట కాదు. నలభై ఆరేళ్ళవాణ్ణి, రోజూ ఇనుముతో కుస్తీ పట్టేవాణ్ణి, పావు చుట్టు తిప్పలేకపోయాను. ఆ రోజు మలుపులో బండి నిదానంగా పోతుంటే, ఎదురుగా మనిషి, పక్కన భార్య. ఆ క్షణంలో ఈ మొండి స్టీరింగును ఆయన తిప్పాడు.

"ఆ రోజు మీరు ఎంత తిప్పారు బావా?"

"ఏమో. ఒక చుట్టు పైనే తిప్పి ఉంటాను. ఆ ముసలమ్మ చీర అంచు తప్ప నాకింకేం కనపడలేదు."

"ఒకసారి మీరు తిప్పండి."

"నా వల్ల ఏమవుతుందిరా?"

"తిప్పండి బావా."

ఎందుకు అడిగానో నాకే తెలియదు. నేను దిగాను. ఆయన చంకల్లోంచి చేతులు తీసి, ఒకసారి ప్యాంటుకు తుడుచుకుని, సీట్లో కూర్చున్నాడు. స్టీరింగు పట్టుకుని పెదవులు బిగించాడు. మెడ మీద నరాలు లేచాయి. టైర్లు నేల మీద కిర్రుమన్నాయి. స్టీరింగు మెల్లిగా అర చుట్టు, ఒక చుట్టు, ఇంకో పావు తిరిగి చివరకు చేరి ఆగింది. ఆయన చేతులు మాత్రం దాన్ని వదలలేదు.

"ఇలాగే ఉంది," అన్నాడు.

"ఏమిటి బావా?"

"ఆ రోజు. అచ్చం ఇదే బరువు. నేను చెబితే ఎవరూ నమ్మలేదు, చివరికి నేను కూడా నమ్మడం మానేశాను." నా వైపు తిరిగాడు. "ఇప్పుడెందుకు ఇలా ఉందిరా?"

ఇంజన్ ఆపి ఉంది బావా, అంటే చాలు. అందులో అక్షరం అబద్ధం లేదు. ఇంజన్ ఆగి ఉంటే ఏ బండి స్టీరింగైనా ఇలాగే ఉంటుంది. ఆయన తల ఊపుతాడు. దిగి స్టూలు మీద కూర్చుని చేతులు మళ్ళీ చంకల్లో పెట్టుకుంటాడు. రేపు పొద్దున షాపు తాళం ఓనరు చేతిలో పడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. నేను జేబులోంచి గుడ్డ చుట్ట తీసి, విప్పి, గొట్టాన్ని ఆయన చేతిలో పెట్టాను.

"నూనె లేకపోతే ఇలా ఉంటుంది బావా. ఆ రోజు కూడా నూనె లేదు. ఇది ఊడిపోయింది. ఇది నేను వేసిందే."

ఆయన గొట్టం చివరను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు. షాపులో ఎవరైనా బట్ట తెస్తే మొదట అలాగే నలిపి చూస్తాడు.

"ఇదేం రబ్బరు?"

"నీళ్ళ గొట్టం. తుక్కు పెట్టెలోది. కొలత సరిపోయిందని వేశాను."

"కొలత చూశావు. సరుకు చూడలేదు," అన్నాడు. ఇంకా నలుపుతూనే ఉన్నాడు. వేళ్ళకు ఎర్ర నూనె అంటింది. "ఆ సాయంత్రం వేలితో తిప్పి చూపించావే. అప్పటికే బిగించేశావా?"

"బిగించేశాను."

"అక్కడే? నేను గోడ పక్కన కూర్చుని ఉండగానే?"

"అవును బావా."

తిడతాడని చూశాను. తిడితే బాగుండుననుకున్నాను. చిన్నప్పుడు మిషన్ సూదులు విరిచినందుకు కూడా ఆయన నన్ను తిట్టలేదు. ఇప్పుడైనా తిడితే కొంత బరువు దిగేది. ఆయన గొట్టాన్ని డాష్‌బోర్డు మీద జాగ్రత్తగా పెట్టాడు.

"గొట్టం తప్పు ఎవడైనా చేస్తాడు," అన్నాడు. "నేనూ ఎన్నో బట్టలు తప్పు కత్తిరించాను. అది కాదురా. ఆ మర్నాటి నుంచి నేను రోజూ పొద్దున లేచి చేతులు చాపి చూసుకున్నాను. వణుకుతున్నాయా లేదా అని. మొదట్లో లేదు. చూసుకోగా చూసుకోగా నిజంగానే వణకడం మొదలుపెట్టాయి. దానికి ఏ గొట్టం మారుస్తావు?"

కళ్ళు తుడుచుకుందామంటే చేతుల నిండా నూనె. ముఖం భుజానికి రుద్దుకున్నాను.

"ముందు పని పూర్తి చెయ్యి," అన్నాడు.

చేశాను. కింది నట్టు విప్పి, పాత గట్టి గొట్టం తీసి, కొత్త వాషర్లతో కొత్తది బిగించాను. తిరుగు గొట్టం వేసే ముందు దాని మీద రాసి ఉన్నది రెండుసార్లు చదివాను. బండి ముందు భాగాన్ని జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టాను. గొట్టాల్లో గాలి పోవాలంటే ఇంజన్ ఆన్ చెయ్యకుండా స్టీరింగును ఆ చివరకూ ఈ చివరకూ తిప్పుతూ ఉండాలి. ఒకరు తిప్పాలి, ఒకరు నూనె పొయ్యాలి. బావ సీట్లోంచి దిగలేదు. "ఎడమకు," అంటే ఎడమకు తిప్పాడు. "కుడికి," అంటే కుడికి తిప్పాడు. ఇరవై సార్లకు పైనే తిప్పాడు. డబ్బాలో బుడగలు లేస్తూ, తగ్గుతూ, ఆగిపోయాయి.

బండి దించి ఇంజన్ ఆన్ చేశాక ఆయన ఒకసారి తిప్పి చూశాడు. తేలిగ్గా తిరిగింది. వెంటనే ఆపేసి దిగాడు.

"మీ అక్కకు నువ్వే చెప్పు," అన్నాడు.

వంటింట్లో నిలబడే చెప్పాను. అక్క స్టవ్ ఆపింది. నేను చెబుతున్నంతసేపూ గిన్నె వైపే చూసింది. అయ్యాక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రోజూ గుండీలు పెట్టానురా ఆయనకు," అంది. "ఒకరోజు తనే పెట్టుకోబోతే చెయ్యి తోసేశాను. మీకెందుకు, ఉండండి అన్నాను."

"అక్కా..."

"నాతో మాట్లాడకు కాసేపు."

ముందు గదిలో చప్పుడైంది. ఇద్దరం పరుగెత్తాం. బావ స్టూలు ఎక్కి అలమర పైనుంచి గుడ్డ చుట్ట దించుకుంటున్నాడు. అక్క పట్టుకోబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన తనంతట తానే దిగి, కత్తెర బయటికి తీసి, దీవాన్ మీది పాత దుప్పటిని లాగి బల్ల మీద పరిచాడు. సుద్దముక్కతో ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీశాడు. నన్ను అవతలి అంచు పట్టుకోమన్నాడు.

కత్తెర కదిలింది. చిన్నప్పుడు ఆ చప్పుడు వింటూ నేను షాపులో బల్ల కింద నిద్రపోయేవాణ్ణి. ఇప్పుడు అంచు బిగించి పట్టుకుని నిలబడ్డాను. మొదట్లో కత్తెర ఆగి ఆగి నడిచింది. తర్వాత ఆగలేదు. దుప్పటి రెండు ముక్కలైంది. ఆయన కత్తెర పక్కన పెట్టి, అంచు వైపు చూడకుండా నా వైపు చూశాడు.

"తిన్నగా ఉందా?"

అక్క కూడా నా వైపు చూసింది. ఏం చెప్పాలో ఆ కళ్ళలోనే ఉంది. ఉందని చెప్పరా, నీకు పుణ్యముంటుంది అని. చెప్పాలని నాకూ ఉంది. ఆ ముఖం ఒక్కసారి వెలగడం చూస్తే చాలనిపించింది. నేను అంచును బల్ల చివరకు ఆనించి చూశాను.

"మొదట్లో జానెడు మేర వంకర పోయింది బావా. అక్కడి నుంచి తిన్నగా ఉంది."

"నీ నోరు పడిపోను," అంది అక్క.

బావ వంగి అంచు మీద బొటనవేలు నడిపించాడు. జానెడు దాటాక వేలు ఆగింది. అక్కడి నుంచి చివరిదాకా ఇంకోసారి నడిపించాడు.

"అవును. జానెడే," అన్నాడు. తర్వాత అక్కతో, "రేపు తాళం ఇవ్వడం లేదని ఓనరుకు ఫోన్ చెయ్యి. ఇంకో దుప్పటి ఉంటే తే," అన్నాడు.

అక్క కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పోయింది. బావ సుద్దముక్క తీసుకున్నాడు. చెయ్యి కొద్దిగా వణుకుతోంది. నేను చూశానని ఆయన చూశాడు. దాన్ని దాచుకోలేదు.

"అంచు గట్టిగా పట్టుకో. వంకర పోయిన ప్రతిచోటా చెప్పు," అన్నాడు.

"చెబుతాను బావా," అన్నాను.